వెచ్చబెట్టిన టర్కీ

అమ్మ వస్తానన్న వేళకి గంట ముందే వచ్చింది.

జనెల్ అప్పుడే అట్టపెట్టెలోంచి టర్కీ కోడిని బయటికి తీసింది. సూపర్‌మార్కెట్ వాళ్లు పూర్తిగా కాల్చి, చల్లార్చి, సంచిలో బిగించి అమ్మిన కోడి. వెచ్చబెట్టుకుంటే చాలు. ఆ సంగతి పెట్టెకి నాలుగు వైపులా పెద్ద పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంది.

బయట కారు హారన్ మోగింది. మడతపెట్టే తీరిక లేక, పెట్టెని బట్టలారబెట్టే మిషన్‌లోకి కుక్కి తలుపు మూసింది. కోడి మీద తువ్వాలు కప్పింది.

ఈ ఒక్క పూట గట్టెక్కాలి. విడాకులయ్యాక "బాగానే ఉన్నానమ్మా" అని జనెల్ ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా వాళ్లమ్మ వెర్నా నమ్మలేదు. "థ్యాంక్స్ గివింగ్ పండక్కి వచ్చి కళ్లారా చూస్తా. ఇల్లు ఇల్లులా, పొయ్యి పొయ్యిలా లేకపోతే అదే కార్లో నిన్ను డావెన్‌పోర్ట్ తీసుకుపోతా" అంది.

డావెన్‌పోర్ట్ అంటే ఇప్పుడు తమ్ముడు కాపురముంటున్న పుట్టింట్లో గులాబీ పరదాల చిన్నప్పటి గది. ఆదివారం చర్చిలో పాటలు. పాటల వరసలో పక్కనే, భార్య పోయిన పళ్ల డాక్టరు. జనెల్‌కి నలభై రెండేళ్లు.

"బూట్లు గుమ్మంలోనే విప్పండి" అంది తలుపు తీస్తూనే.

"ఎప్పట్నుంచే నీకీ మడి?" అంది వెర్నా.

వెనకే తమ్ముడు కర్ట్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "అక్కా, ఇల్లు అదిరింది! మొగుణ్ణి వదిలేస్తే ఇంత కలిసొస్తుందని తెలిస్తే నేనెప్పుడో వదిలేసేవాణ్ణి."

"నీకు మొగుడెక్కడున్నాడ్రా?"

"పెళ్లాం ఉందిగా."

తెల్ల సోఫా మీద కూర్చోబోతున్న తమ్ముడి కింద జనెల్ దుప్పటి పరిచింది. వెర్నా గోడలకేసి చూస్తోంది.

"మేకులున్నాయి, ఫొటోలేవే?"

"కొత్త ఫ్రేములు కట్టించాలమ్మా. ఒరేయ్ కర్ట్, మేడ మీదకెళ్లకు! రంగులు వేయిస్తున్నా."

వంటింట్లోకి పరుగెత్తింది. కోడిని పళ్లెంలో పెట్టి, అడుగున రెండు గ్లాసుల చికెన్ రసం పోసింది. పైన ఫాయిల్ కప్పాలి. మొదటి సొరుగులో కొవ్వొత్తులు. రెండో దాంట్లో చేతి తువ్వాళ్లు. మూడోది బిగుసుకుపోయింది.

"ఏం వెతుకుతున్నావే, దొంగదానిలా?" హాల్లోంచి కేక.

"ఏం లేదమ్మా! నువ్వక్కడే కూర్చో!"

ఫాయిల్ సింకు కింద దొరికింది. కోడిని గాలి దూరకుండా కప్పి ఓవెన్‌లోకి తోసింది. ఓవెన్ మీద విమానంలో ఉన్నన్ని మీటలున్నాయి. ఏది నొక్కితే ఏమవుతుందో అని భయపడుతూ సన్న సెగకి తిప్పింది. తెల్లారకముందు నుంచీ కాలుతున్న కోడి వాసన ఇల్లంతా ఉండాలి కదా. వెన్నలో ఉల్లిపాయలూ సేజ్ ఆకులూ వేయించి, ఆ మూకుడు పట్టుకుని హాల్లో ఒక చుట్టు తిరిగొచ్చింది.

"ధూపం వేస్తోందా?" అన్నాడు కర్ట్.

ఆఖర్న ఫాయిల్ తీసి, తోలుకి వెన్న రాసి, ఎర్రబడేదాకా ఉంచింది. బల్ల మీద పెడితే నిజంగా పొద్దుట్నుంచీ చాకిరీ చేసి కాల్చిన కోడిలాగే ఉంది. కర్ట్ ప్రార్థన చేశాడు. "దేవా, ఫుట్‌బాల్ మొదలవుతోంది, ఆమెన్."

వెర్నా ముక్క నమిలింది. మెత్తగా ఉంది. గ్రేవీ వేసుకుంది. గరిటెతో అడుగంటా కలిపింది.

"మెడ ముక్క ఏదే? కందనకాయేది?"

"పారేశానమ్మా."

"పారేశావా!"

వెర్నా లేచింది. వంటింట్లో పళ్లెం వంచి చూసింది. "ఇంత కోడికి కారిన కొవ్వు ఇంతేనా?" చెత్తబుట్టలోకి తొంగి చూసింది. ఒక్క క్షణం ఆగి, తిన్నగా బట్టలారబెట్టే మిషన్ దగ్గరికెళ్లి తలుపు లాగింది.

"మీ నాన్నకి తెలీకుండా కొన్న బూట్లన్నీ నేనూ ఇలాంటి మిషన్‌లోనే దాచేదాన్ని" అంటూ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

జనెల్ కళ్లు మూసుకుంది.

నవ్వు వినిపించింది. వెర్నా కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఇదా? దీనికా వచ్చినప్పట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్! నేనింకా ఏ ఘోరం దాస్తున్నావో అని హడలి చచ్చాను. వంటదేముందే, నేర్పితే వస్తుంది. ఇంత చక్కటి ఇల్లు పెట్టుకున్నావు, నాకది చాలు."

"అయితే నేను డావెన్‌పోర్ట్ రానక్కర్లేదా?"

"నువ్వెందుకే రావడం? ఒరేయ్, కార్లోవి దించు."

కర్ట్ తింటున్న ముక్క వదిలేసి పరుగెత్తాడు. ఆటకి కూడా వాడలా పరుగెత్తడు.

"కార్లోవేంటమ్మా?"

"నా పెట్టెలు. నువ్వు ఇరుకులో ఉంటే నిన్ను తీసుకుపోదామనీ, సుఖంగా ఉంటే నేనే ఉండిపోదామనీ రెండింటికీ సిద్ధపడే వచ్చా. వాడి పెళ్లానికీ నాకూ పడదని నీకు తెలుసుగా. ఇంత కొంపలో నాకో గది ఉండదా?"

కర్ట్ రెండు చేతులా రెండు పెట్టెలతో, రొప్పుతూ, నవ్వుతూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "అక్కా, మేడ మీద రంగు ఎప్పటికి ఆరుతుంది?"

మొక్కలకి నీళ్లు పోస్తూ ఉండమని జనెల్‌కి తాళాలిచ్చి ఫ్లోరిడా వెళ్లిన ఆ ఇంటి దంపతులు ఆదివారం పొద్దున తిరిగొస్తున్నారు.