నాలుగోసారి వేలిముద్ర

అక్షరదోషాలు మన్నించండి. నిదానంగా రాస్తాను.

"ముద్ర పడలేదు పిన్నీ, మళ్లీ నొక్కు," అన్నాడు సిమ్ములమ్మే గిరిబాబు.

చేపలు తోమి తోమి కూర్మమ్మ వేలిగీతలు అరిగిపోయాయి. రేషన్ దగ్గరా ఇదే తంతు. అందుకే నమ్మి మూడుసార్లు నొక్కింది. నాలుగోసారి నొక్కబోతూ అతని ఫోను తెర మీది తెలుగు కూడబలుక్కుని చదివింది: "ముద్ర సరిపోయింది. మూడో సిమ్ మంజూరైంది."

"నానడిగింది ఒకటే కదరా. మిగతా రెండూ ఎవులికి?"

"నీకు సదవడం వచ్చా పిన్నీ?" గిరిబాబు నవ్వాడు. "ఎవులో వాడుకుంటారు. నీకేటి పోయింది?"

"ఆళ్లు దొంగపని సేస్తే పోలీసులు నా గుమ్మానికొస్తారు. సిమ్మంటే నా పేరేరా. మూడూ రద్దు సెయ్యి."

ముప్పై ఏళ్లు చేపల పేగులు తీసినా ఆ వేలంటే రోత పుట్టలేదు. ఇప్పుడు చెంగుతో తుడుస్తూనే ఉంది.

— మైలపల్లి దాలమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పుడుండేది గజపతినగరం.