నాలుగు సెకన్లకోసారి

రాత్రి 8:20కి తాండూరు శివారులో నీళ్లు నిండిన పాత నాపరాయి గనిలో మోటారు సరిచేస్తూ అనీస్ జారిపడ్డాడు. పదింటికి కూడా దొరకలేదు.

గని యజమాని సూర్యప్రకాశ్ మోటార్లన్నీ ఆపించి అజమత్‌ను పిలిపించాడు. అజమత్ నేవీలో పద్దెనిమిదేళ్లు హెలికాప్టర్‌లో పనిచేశాడు. సముద్రం మీద గాలిలో నిలిచి, తీగకు కట్టిన సోనార్‌ను నీళ్లలోకి దించి జలాంతర్గాముల జాడ వినే హెలికాప్టర్ అది. కొత్తవి వచ్చాక దాన్ని పక్కన పెట్టారు. ఒకసారి అతను జలాంతర్గామి అని చెప్పింది తిమింగలమని తేలింది. రిటైరయ్యేదాకా తోటివాళ్లు అతన్ని తిమింగలమనే పిలిచారు; ఆ సంగతి తాండూరులోనూ అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏ కొంచెం అనుమానమున్నా అతను ‘ఏమీ లేదు’ అనే చెప్పాడు.

వికారాబాద్ నుంచి వచ్చిన ఈతగాడు బాలప్ప అన్నాడు: “నీళ్ల కింద రాళ్ల గూళ్లల్ల గాలుంటే మనిషి బతికుంటడు, రాయి కొడ్తడు. చప్పుడుంటే ఇప్పుడే దిగుత. లేకుంటే తెల్లారినంక.”

అజమత్ ఇనుప పైపును నీళ్లలోకి దించి చెవి ఆనించాడు.

టక్. నాలుగు సెకన్ల తర్వాత మళ్లీ, టక్.

“ఏమన్న ఇనవడ్తుందా, చాచా?” అనీస్ కూతురు ఆఫియా అడిగింది.

“గింతసేపు నీళ్లల్ల ఎవరుంటరు? సాబ్‌కు మళ్ల తిమింగలం ఇనవడ్తదేమో!” అన్నాడు సూర్యప్రకాశ్. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అజమత్ ఆఫియా మొహం చూడలేదు.

“ఏం లేదు, బిడ్డా.”

బాలప్ప తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. అజమత్ పైపు వదల్లేదు. చప్పుడు నాలుగు సెకన్లకోసారి 10:52 దాకా వచ్చింది.

11:05కి అతను లేచి, “చప్పుడుండె, బిడ్డా. నేను విన్న,” అన్నాడు.

అప్పటికి చప్పుడు ఆగి పదమూడు నిమిషాలైంది.