రెండు ఎడమ చేతుల వీరుడు

“కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరవకూడదు,” అన్నాడు తండ్రి.

పార్కు బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. నోరు మూయదు, ఒకచోట నిలవదు అని చిన్నప్పుడే దానికి పిచిక అని పేరు పెట్టారు. అతను సంచీలోంచి పెట్టె తీసి దాని ఒళ్ళో పెట్టాడు.

డేగవీరుడు! అసలు సిసలుది. అతను పనిచేసే బొమ్మల దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసే రకం. మోకాళ్ళు వంగుతాయి, రెక్కలు విచ్చుకుంటాయి.

“బాగుంది నాన్నా,” అంది పిచిక. అంటూనే గౌను జేబులోంచి ఇంకో బొమ్మ తీసి ఆ పెట్టె పక్కన నిలబెట్టింది. “ఇదిగో, నీకు తమ్ముడొచ్చాడు చూడు,” అని దానితో చెప్పింది.

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఆ జేబులో బొమ్మా డేగవీరుడే, పేరుకి. బజార్లో నేల మీద గుట్టగా పోసి అమ్మే నకిలీ సరుకు. రంగు వేసినవాడు ఎటు చూస్తూ వేశాడో గానీ, కళ్ళు నిజంగానే నెత్తికెక్కాయి. గుండె మీద డేగ ఉండాల్సిన చోట వానకు తడిసిన కోడిపిల్ల. వీపు మీద పేరు ‘దేగవీరుడు’. చేతులు రెండూ ఎడమవే. నమస్కారం పెట్టిస్తే ఎవరినో చెంపదెబ్బ కొట్టబోతున్నట్టు ఉంటుంది.

అతనికి అంతకన్నా మంట, దాని భుజాల మీది ఎర్ర గుడ్డముక్క. అంచులు మడిచి, చీమ తలకాయంత కుట్లతో ముచ్చటగా కుట్టి ఉంది. ఎవరి చేతిపనో ఒకరు చెప్పక్కర్లేదు. పిచిక తల్లి మళ్ళీ పెళ్ళాడింది ఒక దర్జీని. పిచిక అతణ్ణి బాబాయ్ అంటుంది.

తను ఆదివారం నాన్న. అతను వారమంతా ఉండే బాబాయ్. సరే, అది కోర్టు తేల్చిన వాటా. మరి పిల్ల మనసులో వాటా ఎవరు తేల్చినట్టు? తినేటప్పుడు ఆ బొమ్మ పక్కనుండాలి, పడుకునేటప్పుడు చంకలో ఉండాలి. పైగా ప్రతి ఆదివారం, “చూడు నాన్నా, దీన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో,” అని తన కళ్ళముందు ఆడించేది. పుండు మీద కారం చల్లినట్టే ఉండేది.

“ఇదెవరిచ్చారే?” అని ఒకసారి అడిగాడు కూడా.

పిచిక కిసుక్కున నవ్వింది. “తెలీనట్టు!” అంది.

తెలియకేం! మళ్ళీ అడగలేదు.

“నాన్నా, దీన్ని పట్టుకో. జారుడుబండ మీద చెయ్యి ఊడిపోతుంది,” అని పిచిక ఆ నకిలీ బొమ్మని అతని చేతిలో పెట్టి పరిగెత్తింది. అతను తెచ్చింది బెంచీ మీదే పడి ఉంది. పెట్టె మూత కూడా తీయలేదు.

లేచి ప్రహరీ దాకా నడిచాడు. అవతల మురుగుకాలువ. అటూ ఇటూ చూశాడు. చెయ్యి చాపి వదిలేశాడు. ఎర్ర గుడ్డ ఒక్కసారి పైకి తేలి, తూములోకి పోయింది.

“ఎక్కడో పడిపోయిందిరా తల్లీ. పోతే పోయిందిలే, అసలుది ఉందిగా!” అన్నాడు పిచిక తిరిగొచ్చి అడిగితే.

పిచిక బెంచీ కింద వెతికింది, పొదల్లో వెతికింది. అతనూ వంగి వెతికినట్టే వెతికాడు. దారి పొడవునా పిల్ల వెక్కిళ్ళు ఆగలేదు. ఇల్లు రాగానే తల్లి కొంగు పట్టుకుని లోపలికి పోయింది.

ముందుగదిలో మిషను ఆపి దర్జీ బయటికొచ్చాడు. మెడలో టేపు తీయకుండానే చెప్పులు వేసుకోబోయాడు.

“ఎక్కడ పడిపోయిందో గుర్తుందాండీ? చీకటి పడకముందే వెతికొస్తాను.”

“అంత ఆత్రం దేనికి? పోతే ఇంకోటి కొనిపెట్టండి. ఎక్కడ దొరుకుతాయో మీకు తెలుసుగా!”

“ఇంకోటైతే తీసుకోదండీ.”

“ఎందుకు తీసుకుంటుంది? అది మీరిచ్చిందాయె!” ఇన్నాళ్ళూ దిగమింగిందంతా ఒక్కసారిగా కక్కేశాడు. “నేనిచ్చింది చూడండి, పెట్టెలోంచి బయటికే రాలేదు. కన్నవాణ్ణి నేను. ఏం మందు పెట్టారండీ పిల్లకి?”

దర్జీ లోపలికి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేశాడు.

“నెమ్మదిగా అనండి, పిల్ల వింటుంది. ఆమధ్య దాని పుట్టినరోజుకి వస్తానన్నారు మీరు. కూర్చుంటే కొత్త గౌను నలుగుతుందని పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడే ఉంది. సాయంత్రమైనా కేకు కొయ్యనంది.”

ఆ రోజు దుకాణంలో ఊపిరాడనంత రద్దీ. ఫోను చేద్దామనుకుని మరిచిపోయాడు అతను.

“చూళ్ళేక నేనే బజారుకి పరిగెత్తానండీ. ఆ వేళకి అదొక్కటే దొరికింది.”

“నేను చెప్పేదీ అదేగా! మీరే ఇచ్చారు.”

దర్జీ తల అడ్డంగా ఊపాడు.

“మీరు పంపారని చెప్పానండీ.”