బూడిద రంగు మొండిఘటం

“పైన పూత పూసినంత మాత్రాన లోపలి పుచ్చు పోతుందా నర్సమ్మగారూ?” అన్నాడు పళ్ళ డాక్టరు, టీ కప్పు పిట్టగోడ మీద పెడుతూ.

ఆయన మాట్లాడుతున్నది పళ్ళ గురించి కాదు, నర్సమ్మ కొత్తగా రంగు వేయించిన కారు గురించి. ఫ్రెంచి కార్ల క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. మెంబర్లందరూ నెలకోసారి కార్లేసుకుని షికారు వెళతారు. పోయిన షికార్లో నర్సమ్మ కారు ఒక ఎత్తు దగ్గర ఆవిర్లు కక్కి నడిరోడ్డు మీద చతికిలబడింది. వెనకున్నవాళ్ళందరూ మండుటెండలో మాడిపోయారు. అప్పట్నుంచీ ఆ కారుని క్లబ్బులోంచి తీసేయాలని డాక్టరు పట్టు. పైగా ఆయనదీ అదే మోడలు, అదే బూడిద రంగు. చతికిలబడింది ప్రెసిడెంటు కారేనని ఊళ్ళో సగం మంది చెప్పుకున్నారు. ఆయన ఒళ్ళుమంటకి అసలు కారణం అది.

షికార్లు పోతే పోయాయని నర్సమ్మ ఊరుకునేదే. కానీ ఈ పాత కార్లకి విడిభాగాలు తెప్పించేది క్లబ్బే, అవి మెంబర్లకి తప్ప దక్కవు. పేరు తీసేశారంటే ఏ చిన్న గొట్టం పగిలినా కారు పాత ఇనుము కిందికే వెళుతుంది. పురుళ్ళు పోయడానికి వేళ కాని వేళల్లో ఆమె పరుగెత్తింది ఆ కారులోనే. ఆస్పత్రి దాకా ఆగలేని బిడ్డలు కొందరు దాని వెనక సీట్లోనే కెవ్వుమన్నారు. అదంటే ఆమెకి ప్రాణం.

ఇవాళ షికారు కొండ మీదికి. అక్కడ మీటింగు పెట్టి పేరు తీసేసే సంగతి తేల్చేస్తానని డాక్టరు చెప్పాడు. నర్సమ్మ మాత్రం కొండ కింద ఈ టీ కొట్టు దగ్గరే ఆగిపోవాలట. కొండదారిలో మళ్ళీ అందర్నీ నిలబెట్టొద్దట.

“నా కారు కొండెక్కితే?”

“ఎక్కదు.”

“ఎక్కితే ఏం చేస్తారో చెప్పండి.”

డాక్టరు నవ్వాడు. “ఎక్కితే ఇంక జన్మలో దాని ఊసెత్తను.”

ఆపరేషను గదిలో పెద్ద పెద్ద సర్జన్లని కూడా మళ్ళీ చేతులు కడుక్కురమ్మని వెనక్కి పంపిన మనిషి నర్సమ్మ. ఆగమంటే ఆగే రకం కాదు. కూడా వచ్చిన ఆడపడుచుని “పద” అంటూ లేవదీసింది.

టీ కొట్టు వెనక ఖాళీ జాగాలో కార్లన్నీ ఫొటో కోసం బారులు తీరి ఉన్నాయి. ఆగిన చోటల్లా తాళాలు కార్లకే వదిలేసి దిగడం ఆ క్లబ్బు అలవాటు. ఫొటో తీసే ఆయన తన ఇష్టప్రకారం కార్లని అటూ ఇటూ జరుపుకుని, నంబర్ల మీద క్లబ్బు పేరున్న అట్టలు తగిలిస్తాడు. నర్సమ్మ విసవిసా నడిచివెళ్ళి, ముందు వరసలో ఉన్న కారు తలుపు తీసి కూర్చుంది. తాళం తిప్పగానే, ఈ కార్లకి అలవాటైన తీరులో, వెనక భాగం మెల్లగా పైకి లేచింది. రోజూ మూలుగుతూ లేచేది ఇవాళ కిక్కురుమనలేదు.

“సీటు వెనక్కి జరిపేసినట్టున్నారు వదినా,” అంది ఆడపడుచు.

“ఫొటో ఆయనవి పొడుగు కాళ్ళు,” అంటూ నర్సమ్మ సీటు ముందుకి లాక్కుంది. దుమ్ము రేపుకుంటూ కారు రోడ్డెక్కింది. డాక్టరు టీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చి ఏదో అరిచాడు. ఆమె తల తిప్పి కూడా చూడలేదు.

రెండు మలుపులు తిరిగేసరికి అద్దంలో బూడిద రంగు కారు కనబడింది. ఆగకుండా హారను. పట్టపగలు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

“డాక్టరుగారే వదినా. చెయ్యి బయటపెట్టి ఏదో అంటున్నాడు.”

“అననీ.”

“పక్కకి తప్పుకోమంటున్నాడేమో.”

“ఇన్నేళ్ళూ ఎవరు హారను కొట్టినా తప్పుకుంటూనే వచ్చాను. ఇవాళ తప్పుకోను.”

సగం దారిలో గోడలాంటి ఎత్తు వచ్చింది. నర్సమ్మ ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఇంజను వేడి చూపించే ముల్లు మీద పెట్టి, స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకుంది. ముల్లు కదలలేదు. కారు జారుడుబల్ల ఎక్కే పిల్లలా హుషారుగా పైకి పాకింది. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత సత్తువ లోపల దాచుకుని, పోయినసారి అందరి ముందూ తన పరువెందుకు తీసిందో అని ముద్దుగా విసుక్కుంది.

వెనక కారు మాత్రం రొప్పుతోంది. దాని మూలుగు ఇక్కడికే వినబడుతోంది. అయినా పట్టు వదలకుండా వెన్నంటి వస్తూనే ఉంది.

“ఆయన కారుకీ వయసు మీద పడింది పాపం,” అంది నర్సమ్మ జాలిగా.

కొండ మీద చదును నేలలో ఆపి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. వెనకాలే డాక్టరు దిగాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, కారుకి ఆనుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. మిగతా కార్లు కూడా ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. మెంబర్లందరూ చుట్టూ చేరేదాకా ఆమె ఓపిక పట్టింది.

“ఇప్పుడు వీళ్ళందరి ముందూ చెప్పండి డాక్టరుగారూ. నా కారు కొండెక్కిందా, లేదా?”

దారి పొడుగునా కూడగట్టుకున్న తిట్లు డాక్టరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. ఆమె దిగిన కారు వంక చూశాడు. తను దిగిన కారు వంక చూశాడు. చుట్టూ ఉన్న మెంబర్ల మొహాలు చూశాడు. అబద్ధమాడే దారి ఏదీ దొరకలేదు.

“ఎక్కిందమ్మా, మీ కారు తోలుకొచ్చింది నేనేగా.”