గడియ తియ్యబాక

"నా పాపమువలన, నా పాపమువలన..." అని సెల్‌ఫోన్లో ఫాదర్‌గారు చెబుతుండగానే మగ్దలీనమ్మ లేచి ఫోను ఆపేసింది.

"ఏందమ్మా ఇది? పూజ మధ్యలో ఆపుతారా ఎవరన్నా?" మోకాళ్ల మీదున్న కూతురు ఫ్లోరా విసుక్కుంది.

"నా వల్ల కావడంలేదు. మూడు ఆదివారాలుగా ఆ మాట కాడికొచ్చేసరికి రొమ్ము మీద చెయ్యి కొట్టుకోలేకపోతుండా. నాకు పాపసంకీర్తనం కావాల, చేసిన పాపం ఫాదర్‌గారికి నోటితో చెప్పుకుని మన్నింపు పొందాల. ఫాదర్‌గారికి చెప్పమన్నానా లేదా?"

"చెప్పినా. ఫోన్లో పాపసంకీర్తనం కుదరదంట. మన వీధికేమో కరోనా అని వెదురు కట్టెలు అడ్డం కట్టి పోలీసుల్ని పెట్టినారు. హెల్తు వాళ్లని తప్ప ఎవర్నీ రానీడంలేదు. మనసులో పశ్చాత్తాపపడితే దేవుడికి తెలుస్తుందిలే."

"దేవుడికి ఎప్పుడో తెలుసు. నేను మనిషికి చెప్పాల."

"అయితే నాకు చెప్పు."

మగ్దలీనమ్మ కూతురి వంక చూసి మొహం తిప్పుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్లింది. మళ్లీ వాకిట్లోకొచ్చింది. జపమాల తీసుకుంది. ఎన్నో పూస దగ్గరుందో మరిచిపోయి మొదటినుంచీ అందుకుంది. మళ్లీ మరిచిపోయింది. సముద్రం గాలికి ఇసక కొట్టుకొచ్చి కిటికీ రెక్కల మీద గరగరమంటోంది. ఆ చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతోంది.

పొద్దు వాలేసరికి ఎవరో తలుపు కొట్టారు.

ఫ్లోరా కిటికీ సందులోంచి చూసింది. "తెల్ల కిట్టు ఏసుకున్నాయన. పరీక్షకి వచ్చినట్టుండాడు."

"గడియ తియ్యబాక!" మగ్దలీనమ్మ పరుగున వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, తలుపు తీయండి. నేను..." రెండు మాస్కుల వెనక నుంచి బయటి మనిషి గొంతు పూడుకుపోయినట్టు వినిపించింది.

"నువ్వెవరో నాకు తెలుసు! ముక్కులో పుల్ల పెట్టి నెల్లూరు ఆసుపత్రికి ఎత్తకపోయేదానికి వచ్చినావు. నాకే జబ్బూ లేదు. ఇప్పుడు లేదు!"

"ఇప్పుడు లేదా? ఇప్పుడు లేదంటే ఏందమ్మా?" అంది ఫ్లోరా.

మగ్దలీనమ్మ తలుపుకి ఆనుకునే కిందికి జారి కూర్చుంది. కూతురివైపు చూడలేక, వెనకున్న చెక్క తలుపుకే చెప్పడం మొదలుపెట్టింది.

"వచ్చింది. ఈ వీధిలో అందరికంటే ముందు నాకే వచ్చింది. అప్పటికి ఈ పిల్ల తడ ఊరి నుంచి ఇంకా రాలేదు. ఆశా వర్కరు అమ్మాయి ఇల్లిల్లూ అడుగుతా వస్తే, మా ఇంట్లో జరం లేదని చెప్పినా. ఎత్తకపోతారని భయం. పక్కింటి కామమ్మ మూడు దినాలు గంజి కాసి తెచ్చి తాపింది. 'అక్కా, అది కాదు గదా?' అనడిగింది. ఒట్టి జలుబేనే అన్నా. నమ్మింది. నా నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది. నాకు తగ్గిపోయింది. ఆమెని సంచిలో చుట్టి తీసకపోయినారు. పిల్లోళ్లకి మొహం కూడా చూపీలేదు."

ఆమె తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"నేనే చంపినా కామమ్మని. ఇంక అబద్ధం చెప్పలేను. ఆ పిల్లోళ్ల కాడికి పొయ్యి చెప్తా. పరీక్షే చేసుకుంటావో, జైల్లోనే ఏస్తావో, నీ ఇష్టం నాయనా."

ఫ్లోరా వచ్చి తల్లి పక్కనే నేల మీద కూలబడింది.

మగ్దలీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తనే గడియ తీసింది. పుల్ల కోసం మొహం పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది.

పుల్ల రాలేదు. ఎంతకీ రాకపోయేసరికి భయంభయంగా కళ్లు తెరిచింది. తొడుగు వేసిన చెయ్యి ఆమె తలకి ఎదురుగా, గాలిలో సిలువ గీస్తోంది.

"పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీ పాపములను మన్నించుచున్నాను, మగ్దలీనమ్మా."