మా ఇష్టం మెస్

గార్డు ఇంకెక్కడా వెతకలేదు. గేటు దాటి నేరుగా క్యాంపు వెనక్కి నడిచి, షట్టరింగ్ చెక్కల గుట్టను పక్కకు లాగించాడు. దాని చాటున గ్యాస్ పొయ్యిలు బయటపడ్డాయి. ఒకదాని మీద పప్పు ఇంకా కుతకుతమంటోంది.

ముత్యం గుంపులో నిలబడి చూస్తున్నాడు. ఆ పప్పు తినేవాళ్ళు క్యాంపు నిండా ఉన్నారు. అది ఉడికే చోటు తెలిసినవాళ్ళు మాత్రం ముగ్గురే. తను, జలంధర్, వంటవాడు ఇక్రాముద్దీన్.

ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ క్యాంపులో అందరూ కంపెనీ మెస్సులోనే తినాలి. తిన్నా తినకపోయినా జీతంలో కోత తప్పదు. సొంతంగా వండుకుంటూ దొరికితే మర్నాడే విమానం ఎక్కించేస్తారు. చమురు ధర పెరిగేకొద్దీ దోహాలో టవర్లు లేస్తున్నాయి, కంపెనీ మెస్సులో పప్పు మాత్రం పలచబడుతోంది. చూసి చూసి ముత్యం ఒక పొయ్యి తెచ్చాడు. రావాలనుకున్నోడు రావచ్చు, పోవాలనుకున్నోడు పోవచ్చు, ఎవని మీద ఎవని పెత్తనం ఉండదు అన్నాడు. సంఘం లేదు, అధ్యక్షుడు లేడు. నలుగురూ చేరారు. నేపాలీలు వచ్చారు, మలయాళీలు వచ్చారు. కటింగ్ వచ్చినవాడు కటింగ్ చేశాడు, కుట్టు వచ్చినవాడు చిరిగిన బట్టలు కుట్టాడు. ఎవరి అనుమతీ అడక్కుండానే ఆ రేకుల గదుల మధ్య ఒక చిన్న ఊరు తయారైంది. దానికి 'మా ఇష్టం మెస్' అని ఎవడో పేరు పెడితే అదే నిలిచిపోయింది.

ఇప్పుడా ఊరు పికప్ వెనకాల ఎక్కుతోంది.

క్యాంపు మేనేజరు వేణుగోపాలరావు నుదురు తుడుచుకున్నాడు. "ఎవరివయ్యా ఇవి? చెప్పకపోతే గదులకు గదులే ఖాళీ చేయించాల్సి వస్తుంది. ఆ పాపం నాకెందుకు?"

ముత్యం అడుగు ముందుకు వేయబోయాడు. ఈలోపే పక్కనున్న జలంధర్ గుంపులోంచి బయటికి వచ్చాడు.

"నావే సార్. వీళ్ళకేం ఎర్క లేదు."

అందరూ నిలబడి చూస్తుండగానే గార్డులు అతని పెట్టె తెచ్చి వ్యాన్‌లో పడేశారు. ముత్యం పరుగెత్తుకెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. జలంధరే అతని చెవిలో మెల్లగా అన్నాడు.

"ఇక్రామ్ పొద్దుగాల మేనేజర్ ఆఫీసుల ఉండె అన్నా. నేను చూసిన. జర పైలం."

వ్యాన్ వెళ్ళిపోయింది. ముత్యం వెనక్కి తిరిగాడు.

ఇక్రాముద్దీన్ ఒకప్పుడు కంపెనీ మెస్సులోనే వండేవాడు. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ తప్పుగా తోచలేదు. ఇప్పుడు అతన్ని చుట్టుముట్టి గది నిండా మనుషులు మూగారు.

"పొద్దుగాల ఆఫీసుకు పోయినవా, లేదా?" అన్నాడు ముత్యం.

"పోయిన. హెల్త్ కార్డు అడగనీకి."

"శుక్రారం, సెలవు నాడు నీకు కార్డు ఎవడిస్తడు?"

"కడుపునొప్పికి శుక్రారమని ఎర్కనా భాయ్?"

ఇంకోరోజైతే ఆ మాటకు గది గొల్లుమనేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఎవని మీదా పెత్తనం చెయ్యొద్దని మనమే అన్నాం గదా, కొంచెం ఆగి చూద్దామని పక్క మంచం రాజనర్సు నసిగాడు. మనకోసం ఒకడు తల ఒగ్గి పోయిండు, నీకింకా ఆగబుద్ధవుతుందా అని ముత్యం అతని మీద లేచాడు. లేచినవాడు ఊరుకోలేదు. తనే ఇక్రాముద్దీన్ పరుపును చుట్టి వరండాలోకి విసిరాడు.

ఇక్రాముద్దీన్ కొట్లాడలేదు. పరుపు దుమ్ము దులుపుకున్నాడు.

"పోవాలనుకున్నోడు పోవచ్చు అన్నవ్ ముత్యం భాయ్. నేను పోవాలనుకోలే."

ఆ తర్వాత అతనితో ఎవరూ మాట్లాడలేదు. పక్కన కూర్చుని తినలేదు. రెండు రోజులు చూసి, ఎడారిలో దూరపు సైటుకు మార్చమని తనే అడిగి బస్సెక్కాడు. ముత్యం కిటికీలోంచి చూశాడు. జాలి కలగలేదు. జలంధర్ ఋణం కొంతైనా తీరినట్టు అనిపించింది.

మిగిలింది ఒక్కటే. జలంధర్ తల్లి బాలవ్వకు మొహం చూపలేడు, కనీసం గొంతైనా వినిపించాలి. మరుసటి శుక్రవారానికి గాని ఫోను చేసే ధైర్యం రాలేదు.

"ముత్యమా! మంచిగున్నవా బిడ్డా? దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్?"

గల్ఫ్‌లో ఏ ఊరైనా ఆమెకు దుబాయే. ఆమె గొంతులో ఆ హుషారు విని అతనికి ఇంకా కష్టమైంది. తను పెట్టిన పొయ్యి వల్లే ఆమె కొడుకు బతుకుదెరువు పోయిందనీ, తప్పు తనదేననీ, కడుపుల పెట్టుకొమ్మనీ గబగబా చెప్పేశాడు.

"గట్లంటవేంది బిడ్డా. వాడు యాళ్ళకు రాకుంటే పెద్దోడు బాయికాడి భూమంత తన పేర్నే రాయించుకుంటుండె. నిన్ననే పంపకాలు అయినయ్. వాని పాలు వానికి దక్కింది."

బాధ దాచుకుని తననే ఓదారుస్తోందనుకున్నాడు ముత్యం. ఆమెకు ఇవ్వడానికి తన దగ్గర ఒక్క మాట ఉంది.

"వానికి అన్యాలం చేసినోన్ని దొరకబట్టినం అవ్వా. ఇక్రాముద్దీన్ అని, వంటోడు. బయటికి ఎల్లగొట్టినం."



"అయ్యో, వాన్నెందుకు ఎల్లగొట్టిండ్రు?" అంది బాలవ్వ. ఆమె గొంతులో దాపరికం లేదు, నిజంగానే అర్థం కాని ఆశ్చర్యం ఉంది. "లీవు అడిగితే రెండుమాట్లు ఇయ్యకపాయె మీ కంపెనోళ్ళు. గా ఉపాయం నువ్వే చెప్పినవనుకుంటి. నీకు ఎర్క లేదా బిడ్డా?"

"ఏం ఉపాయం అవ్వా?"

"మేనేజర్‌కు పొయ్యిల జాడ చెప్పింది మా జలంధరే."