వదులెంత?

కటింగ్ మాస్టరు నోట్లో మట్టి కొట్టింది పరాయివాడు కాదు, సొంత తోడల్లుడు. పొద్దస్తమానం కంప్యూటరు మీద వేళ్ళు ఆడిస్తాడని ఇంటిల్లిపాదీ వాడికి పెట్టిన పేరు టకటక. ఆ టకటక ఇప్పుడు బట్టల దుకాణం నడిమధ్యలో, కొత్తగా దిగిన గుడ్డ కోసే మిషను ముందు కూర్చుని, మాస్టరు ముప్పై ఏళ్ళ విద్యని కాగితం మీద రాసిమ్మంటున్నాడు.

"రాసిస్తే?" అన్నాడు మాస్టరు.

"మిషనే కోస్తుంది అన్నయ్యా."

"మరి నేను?"

టకటక తల గోక్కున్నాడు. కౌంటరు దగ్గర్నుంచి ఓనరు అందుకున్నాడు. "నువ్వు ఒకటో తారీకు నుంచి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చో మాస్టరూ. అలిసిపోయావు పాపం."

మాస్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఓనరు టీ తాగడానికి బయటికి వెళ్ళగానే తోడల్లుడి కాలరు పట్టుకున్నాడు. అది తను కుట్టిన కాలరే.

"వారం వారం మా ఇంట్లో మెక్కి, నా పొట్టే కొడతావుట్రా?"

"వదులన్నయ్యా, వదులు!"

"ఆ వదులే రాసివ్వను పో! ఛాతీ, భుజం ఎవడైనా కొలుస్తాడు. ఏ మనిషికి ఎంత వదులు పెట్టాలో తెలియడమేరా విద్య!"

టకటక కళ్ళు మెరిశాయి. "అయితే అది రాయనే వద్దు. విను. ఈ సాఫ్ట్‌వేరు పెద్ద ఇల్లనుకో. అందులో నేనొక చిన్న గది కట్టాను. దాన్ని రన్‌టైం అంటాం. నీ కటింగు లెక్కని ఆ గదికి అర్థమయ్యే భాషలోకి, అంటే బైట్‌కోడుగా మార్చి ఆ గదిలో అద్దెకి దింపుతాను. గదికి కిటికీల్లేవు. తలుపు సందులోంచి మనం ఏ చీటీ తోస్తే అదే దాని లోకం."

"ఐతే?"

"వదులు దగ్గరికొచ్చేసరికి అది ఆగిపోయి తలుపు కొడుతుంది. వదులెంత అని నీ ఫోనుకి మెసేజి వస్తుంది. నువ్వు అంకె కొడితేనే కత్తి కదిలేది."

"కొట్టకపోతే?"

"కత్తి కొంగలా నిలబడుంటుంది."

మాస్టరు కాలరు వదిలేసి, నలిగినచోట చేత్తో సాపు చేశాడు.

ఒకటో తారీకున మాస్టరు అంకె కొట్టలేదు, మిషను మొదటి గుడ్డ మీదే కొంగ అవతారం ఎత్తింది. ఓనరు గింజుకున్నాడు, టకటకని నానా మాటలూ అన్నాడు. చివరికి దారికొచ్చాడు. మాస్టరు ఇంట్లోనే ఉంటాడు, అంకె చెప్తాడు, జీతం మాత్రం ఎప్పటిలాగే. మాస్టరు మంచం మీద కాలు మీద కాలేసుకుని ఫోను కోసం ఎదురుచూశాడు. ఫోను మోగినప్పుడల్లా మీసం దువ్వుకున్నాడు.

ఆ మురిపెం వారం రోజులే. అద్దె గదిని ఎత్తుకెళ్ళి ఏ మిషన్లో దింపినా ఒక్కలాగే నడుస్తుందని టకటక ఓనరుకి చెప్పనే చెప్పాడు. ఓనరు దాన్ని తన మిగతా నాలుగు దుకాణాల్లోనూ దింపాడు. ఇక చూడాలి. స్నానాల గదిలో ఉంటే టింగు. ముద్ద నోట్లో పెడితే టింగు. కునుకు పట్టబోతే టింగు టింగు. "ఛాతీ నలభై రెండు, పొట్ట నలభై నాలుగు, లారీ డ్రైవరు. వదులెంత?"

మాస్టరు ఫోనుని భార్య ఒళ్ళోకి విసిరాడు. "నాలుగంగుళాలో ఐదో, నీ నోటికొచ్చింది కొట్టు. ఎవరు చెప్పినా ఆ గుడ్డి మిషనుకి ఒకటే." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నెలన్నర గడిచాక ఒక మధ్యాహ్నం ఓనరు స్వయంగా ఇంటికొచ్చాడు. ఉద్యోగం ఊడిందనుకుని మాస్టరు మంచం దిగాడు. తీరా చూస్తే ఓనరు చేతిలో పళ్ళబుట్ట.

"మాస్టరూ, నీ చేతి చొక్కాలు వారానికి ఇరవై తిరిగొచ్చేవి. చంక పట్టేసిందని ఒకడు, గోనెసంచిలా ఉందని ఒకడు. ఈ నెలన్నరలో ఒక్కటంటే ఒక్కటి రాలేదయ్యా! ఇంట్లో కూర్చుంటే నీ బుర్ర ఇంత పదునెక్కుతుందని తెలిస్తే ఎప్పుడో పంపేసేవాణ్ణి."

మాస్టరు ఛాతీ ఉబ్బి చొక్కాలో ఉన్న వదులంతా తినేసింది. "విద్య అండీ, విద్య. ఊరికే వస్తుందా?"

ఫోను టింగుమంది. ఓనరు ముందు దర్జాగా పైకి చదివాడు. "ఛాతీ నలభై, పొట్ట ముప్పై ఆరు, బడి పంతులు. హుఁ! కళ్ళు మూసుకుని చెప్తా. నాలుగు!"

"నాలుగేంటండీ!" వంటింట్లోంచి భార్య కేకేసింది. "రోజంతా చెయ్యెత్తి బోర్డు మీద రాసే మనిషి. చంక పిగిలిపోదూ? ఐదు కొట్టండి!"

ఓనరు కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "చెల్లెమ్మా, ఈ అంకెలన్నీ నువ్వేనా?"

"మరి ఈయన గురక పెడుతుంటే ఎవరు కొడతారన్నయ్యగారూ?"

"కత్తి ఆగిపోతుందని దాని చేతికిచ్చా..." మాస్టరు ఏదో నసిగాడు. ఆ మాట ఎవరూ వినలేదు. ఓనరు పళ్ళబుట్టని మాస్టరు ముందునుంచి తీసి, వంటింటి గడప దగ్గర పెట్టాడు.

"రేపట్నుంచి దుకాణానికి వచ్చెయ్యమ్మా. కూర్చోడానికి జాగా వెతకాల్సిన పని కూడా లేదు."

ఆ జాగా మాస్టరు కటింగు బల్లది: పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు నాలుగడుగులు, కింద ఒక సొరుగు, తాళంచెవితో సహా.